బర్బోసా పేరున రాసిన బాకీ

పోటీ ఏదైనా ఒక్క జట్టు గెలిస్తే మిగిలిన జట్లన్నీ ఓడినవే. అందుకే ఆటల చరిత్రలో ఓటములకు లెక్కలేదు. ఓడిన మర్నాడు అభిమానులు కాఫీ హోటళ్ళలో కూర్చుని తప్పెవరిదో తేల్చుకోవడం, వారం పది రోజులకు మరిచిపోవడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. కాని ఆ వాదన యాభై ఏళ్ళపాటు ఆగకుండా సాగి, ఒక మనిషిని అతను కన్నుమూసేదాకా వెంటాడిన సందర్భం నాకు తెలిసినంతలో ఒక్కటే. అది 1950లో బ్రెజిల్ దేశంలో జరిగింది. ఆ మనిషి పేరు మొయసీర్ బర్బోసా. ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కీపరు.

రెండో ప్రపంచయుద్ధం వల్ల 1942, 1946 సంవత్సరాలలో ప్రపంచ కప్పు పోటీలు జరగలేదు. పన్నెండేళ్ళ విరామం తర్వాత 1950లో ఆ పోటీలు బ్రెజిల్‌కు వచ్చాయి. అందుకోసం ఆనాటి రాజధాని రియో డి జనీరోలో మరకానా అనే పెద్ద స్టేడియం కట్టారు. 1948లో పని మొదలుపెట్టి, పోటీల నాటికి సున్నం, సిమెంటు పూర్తిగా ఆరకముందే తెరిచారు. ప్రపంచంలో అంతకంటే పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం అప్పుడు లేదు.

ఆ ఏడాది పోటీల పద్ధతి ఇప్పటిలా లేదు. ఫైనల్ అని వేరే ఆట లేదు. చివరికి మిగిలిన నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ళదే కప్పు. మిగిలిన నాలుగూ బ్రెజిల్, ఉరుగ్వే, స్వీడన్, స్పెయిన్. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1తోనూ, స్పెయిన్‌ను 6-1తోనూ చిత్తు చేసింది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2తో సరిపెట్టుకుని, స్వీడన్‌ను అతికష్టం మీద 3-2తో గెలిచింది. చివరి ఆట నాటికి బ్రెజిల్‌కు 4 పాయింట్లు, ఉరుగ్వేకు 3. అంటే ఆట సమానమైనా కప్పు బ్రెజిల్‌దే. ఉరుగ్వే మాత్రం గెలిచి తీరాలి.

1950 జూలై 16, ఆదివారం. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళినవారే 1,73,850 మంది. టిక్కెట్టు లేకుండా దూరినవారిని కలుపుకుంటే రెండు లక్షలకు దగ్గర అంటారు. అప్పటి రియో జనాభా దాదాపు ఇరవై నాలుగు లక్షలు. పన్నెండు, పదమూడు మందిలో ఒకరు ఆ మధ్యాహ్నం ఆ ఒక్క కట్టడంలో ఉన్నారన్నమాట.

మనవాళ్ళ సామెత ఉండనే ఉంది, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని. ఆ ఉదయమే ఒక పత్రిక బ్రెజిల్ జట్టు ఫోటో వేసి, ప్రపంచ విజేతలు వీరే అని శీర్షిక పెట్టింది. ఆటకు ముందు నగర మేయరు మైకు పట్టుకుని, కొద్ది గంటల్లో విజేతలు కాబోతున్నవారిగా ఆటగాళ్ళకు నమస్కరించాడు. అది ఎన్నికల సంవత్సరం. అంతవరకు ఊరికి దూరంగా ప్రశాంతమైన చోట ఉన్న జట్టును చివరి రోజుల్లో వాస్కో డ గామా క్లబ్బు స్టేడియానికి మార్చారు. ఇక అక్కడికి వచ్చిపోయే నాయకులకు, ఫోటోలకు, ఉపన్యాసాలకు అంతులేదు. ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు జూల్స్ రిమే కూడా బ్రెజిల్‌ను అభినందిస్తూ పోర్చుగీసులో ఉపన్యాసం రాసి జేబులో పెట్టుకున్నాడు.

ఈ సంబరంలో అందరూ మరిచిన సంగతి ఒకటి ఉంది. అంతకు రెండు నెలల ముందు, మే నెలలో, ఇవే రెండు జట్లు మూడుసార్లు తలపడ్డాయి. మొదటి ఆట ఉరుగ్వే 4-3తో గెలిచింది. తర్వాతి రెండూ బ్రెజిల్ 3-2తో, 1-0తో గెలిచింది. మూడింటిలోనూ తేడా ఒక్క గోలే. ఉరుగ్వే జనాభా అప్పటికి పాతిక లక్షలకు లోపు, బ్రెజిల్ జనాభా అయిదు కోట్ల పైచిలుకు. అయినా 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు గెలిచింది ఉరుగ్వేయే. 1924, 1928 ఒలింపిక్ స్వర్ణాలూ దానివే. కాగితాలు తిరగేసిన వారెవరైనా ఇది సమఉజ్జీల పోరని చెప్పగలరు. ఆ కాగితాలు తిరగేసే ఓపిక ఆ వారం ఎవరికీ లేకపోయింది.

మొదటి సగం గోలు లేకుండానే గడిచింది. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకే ఫ్రియాసా బ్రెజిల్‌కు గోలు చేశాడు. స్టేడియం మారుమోగింది. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా బంతిని చంకన పెట్టుకుని, తాపీగా నడిచి, అది ఆఫ్‌సైడని అధికారులతో వాదనకు దిగాడు. రిఫరీ ఇంగ్లీషువాడు. భాష తెలియదు కాబట్టి దుబాసీ కావాలన్నాడు. గోలు రద్దు కాదని వరేలాకూ తెలుసు. ఆ హోరు చల్లారేదాకా కాలం గడపాలని అతని ఎత్తు. చల్లారింది.

66వ నిమిషంలో గిగ్గియా కుడివైపునుంచి బిగోడెను దాటి దూసుకువచ్చి, గోలు ముందుకు బంతి అందించాడు. షియాఫీనో దాన్ని లోపలికి కొట్టాడు. 1-1. అప్పటికీ కప్పు బ్రెజిల్‌దే. కాని రెండు లక్షలమంది మూగబోయారు. ఆ నిశ్శబ్దమే మా ఆటగాళ్ళను భయపెట్టిందని కోచ్ ఫ్లావియో కోస్టా తర్వాత అన్నాడు. 79వ నిమిషంలో గిగ్గియా మళ్ళీ అదే దారిన వచ్చాడు. మళ్ళీ బిగోడె వెనకబడ్డాడు. జువెనాల్ అడ్డుకోవడానికి రాలేకపోయాడు. ఇందాకటిలాగే బంతిని మధ్యకు అందిస్తాడని బర్బోసా ఒక అడుగు ఇవతలికి జరిగాడు. స్తంభానికీ అతనికీ మధ్య సందు ఏర్పడింది. గిగ్గియా ఆ సందులోనుంచే కొట్టాడు. 2-1. ఆట అంతే.

ఆట సమానంగా ఉండగా మెట్లు దిగడం మొదలుపెట్టిన జూల్స్ రిమే, మైదానం చేరేసరికి చప్పుడు లేదు. సైనిక వందనం లేదు, ఉపన్యాసం లేదు. జనం మధ్య వెతుక్కుని వరేలా చేతిలో కప్పు పెట్టి, చేయి కలిపి వెళ్ళిపోయాడు.

ఇంతవరకు జరిగింది ఆట. అసలు కథ ఆ రాత్రి నుంచి మొదలైంది.

తప్పెవరిది? జట్టు బసను మార్చిన పెద్దలదన్నారు. వెనక కాపలా పెంచని కోచ్‌దన్నారు. గిగ్గియాను రెండుసార్లు వదిలేసిన బిగోడెదన్నారు. వరేలా చెంపదెబ్బ కొడితే బిగోడె తలవంచుకున్నాడని ఒక కథ పుట్టింది. అలాంటిదేమీ జరగలేదని ఇద్దరూ చెప్పినా ఆ కథ చావలేదు. సాయం రాని జువెనాల్‌దన్నారు. చివరికి చొక్కాదీ తప్పే అన్నారు. అప్పట్లో బ్రెజిల్ జట్టు తెల్లచొక్కాలు వేసుకునేది. అందులో జాతీయత లేదని తేల్చి, 1953లో కొరెయో డ మన్యా అనే పత్రిక కొత్త దుస్తుల కోసం పోటీ పెట్టింది. జాతీయ పతాకంలోని నాలుగు రంగులూ ఉండాలన్నది షరతు. గెలిచినవాడు ఆల్దీర్ గార్సియా ష్లీ అనే కుర్రవాడు. ఉరుగ్వే సరిహద్దులోని ఊరివాడు. మనసులో అతను ఉరుగ్వే జట్టు అభిమాని కావడం విచిత్రం. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పసుపుపచ్చ చొక్కా అలా పుట్టింది. చొక్కా తన శిక్ష అనుభవించి తప్పుకుంది.

మనుషుల్లో మాత్రం వేళ్ళన్నీ తిరిగి తిరిగి ముగ్గురి దగ్గర ఆగాయి: బిగోడె, జువెనాల్, బర్బోసా. ముగ్గురూ నల్లవాళ్ళు. బ్రెజిల్లో బానిసత్వం రద్దయింది 1888లో. అప్పటికి అరవై రెండేళ్ళే. మారియో ఫిల్యో అనే పత్రికా రచయిత, బ్రెజిల్ ఫుట్‌బాల్లో నల్లవారి స్థానం గురించి రాసిన పుస్తకం 1964 నాటి రెండో ముద్రణలో, ఈ ఓటమి నెపం నల్లవారి మీదికి ఎలా మళ్ళిందో చెప్పాడు. స్వీడన్ మీద, స్పెయిన్ మీద గెలిచినప్పుడు వాళ్ళు బ్రెజిల్ వాళ్ళు. ఓడిన రాత్రి నల్లవాళ్ళయ్యారు. పరాయి భాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మన పాఠకులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరు బాగున్నన్నాళ్ళు అందరం ఊరివాళ్ళమే. ఏదన్నా తేడా వచ్చిననాడు ఎవరి గుమ్మం వైపు ముందు చూస్తారో మనకు తెలుసు.

ముగ్గురిలోనూ ఎక్కువ భారం మోసినవాడు బర్బోసా. నిజానికి ఆ కాలంలో దక్షిణ అమెరికాలోని మేటి గోల్ కీపర్లలో అతనొకడు. 1949లో బ్రెజిల్ దక్షిణ అమెరికా విజేత అయినప్పుడు గోలు ముందు నిలబడింది అతనే. వాస్కో తరఫున తర్వాత కూడా ఆడాడు, గెలిచాడు. దేశం తరఫున మాత్రం మళ్ళీ దాదాపు అవకాశమే రాలేదు. కోచ్ ఫ్లావియో కోస్టాను 1950ల మధ్యలో జాతీయ జట్టుకు తిరిగి పిలిచారు. గోల్ కీపరుకు ఆ వాసి దక్కలేదు.

ఆట మానేశాక బర్బోసా పొట్టకూటికి మరకానాలోనే ఉద్యోగం చేశాడు. రోజూ ఆ గోలు స్తంభాల పక్కనుంచే నడవాలి. ఆ పాత కర్ర స్తంభాలను తీసేసినప్పుడు ఇంటికి తెచ్చుకుని, వాటితో నిప్పు రాజేసి మిత్రులకు మాంసం కాల్చి విందు చేశాడని ఒక కథ చెప్పుకుంటారు. ఓటమి జరిగి ఇరవై ఏళ్ళ తర్వాత ఒక అంగట్లో ఒకావిడ అతన్ని చూసి, పక్కనున్న కొడుకుతో, బ్రెజిల్ మొత్తాన్ని ఏడిపించిన మనిషి ఇతనేరా అన్నదట. తన జీవితంలో అన్నిటికంటే బాధపెట్టిన మాట అదేనని బర్బోసా చెప్పేవాడు. 1993లో జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి వెళితే, అపశకునమని ఆటగాళ్ళను కలవనివ్వలేదు. బ్రెజిల్లో ఎంతటి నేరానికైనా ముప్ఫై ఏళ్ళకు మించి శిక్ష లేదు, నాకు మాత్రం యాభై ఏళ్ళు అని వాపోయాడు. 2000 ఏప్రిల్ 7న పోయాడు. మళ్ళీ ఒక నల్లవాడు ప్రపంచ కప్పులో బ్రెజిల్‌కు ప్రధాన గోల్ కీపరుగా నిలబడటానికి 2006లో డీడా వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

నేను కామర్సు చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఆటను ఆటగాడి కళ్ళతో చూడటం నాకు చేతకాదు, పద్దుగా చూడటమే అలవాటు. ఆ లెక్కన మూడు సంగతులు తోస్తాయి.

మొదటిది. ఖాతా మొండిబాకీ అయినప్పుడు ఫైలు మీద ఎన్ని సంతకాలున్నా అందరి కళ్ళూ చివరి సంతకం మీద పడతాయి. గోల్ కీపరుది చివరి సంతకం. బంతి అతని దాకా రావాలంటే అంతకుముందు పదిమందిని దాటి రావాలి. రెండు ఆటల్లో పదమూడు గోళ్ళు చేసిన ముందువరస, ఆ రోజు తొంభై నిమిషాల్లో ఒక్కటే చేసింది. ఇంకొకటి చేసి ఉంటే బర్బోసా వదిలిన రెండు గోళ్ళతోనూ కప్పు దక్కేది. ఆ ముందువరసను ఎవరూ నిలదీయలేదు. చేయని గోలు ఎక్కడా కనబడదు, వదిలిన గోలు ఫోటోలో ఉంటుంది.

రెండోది. ఒక నిర్ణయాన్ని, అది తీసుకున్న నిమిషంలో చేతిలో ఉన్న సమాచారంతోనే తూచాలి. పదమూడు నిమిషాల ముందు అదే మనిషి, అదే దారిన వచ్చి, బంతిని మధ్యకు అందించాడు. గోలైంది. మళ్ళీ అలాగే వస్తున్నప్పుడు మధ్యకు జరగడం తెలివైన పనే. జరగకుండా స్తంభాన్ని అంటిపెట్టుకుని ఉండి, గిగ్గియా బంతిని మధ్యకే అంది ఉంటే, అప్పుడూ తప్పు బర్బోసాదే అయ్యేది. ఒకసారి చూసి కూడా నేర్చుకోలేదనేవారు. ఫలితం తెలిశాక వెనక్కి తిరిగి చూసి తీర్పు చెప్పే తనిఖీ అధికారికి అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి.

మూడోది, నా దృష్టిలో ముఖ్యమైనది. జమాఖర్చుల శాస్త్రంలో పాత సూత్రం ఒకటుంది. రాగల నష్టానికి ముందే ఏర్పాటు చేసుకో, లాభాన్ని మాత్రం చేతికి వచ్చాకే జమ రాసుకో. బ్రెజిల్ దీన్ని తిరగేసింది. జూలై 15కే కప్పును జమ రాసేసుకుంది. పత్రికలు రాశాయి, మేయరు రాశాడు, రెండు లక్షలమంది అభిమానులు రాశారు. 16 సాయంత్రం చూసుకుంటే ఆ లాభం లేదు. మామూలుగా ఓడి ఉంటే ఒక ఆట నష్టం. ముందే రాసుకున్న లాభాన్ని కొట్టివేయాలి కాబట్టి నష్టం ఎన్నో రెట్లయింది. ఆ తేడాను ఎవరో ఒకరి పేరున ఖర్చు రాయాలి. పత్రిక తన పేరున రాసుకోదు, మేయరు రాసుకోడు, చప్పట్లు కొట్టిన వాళ్ళు అసలే రాసుకోరు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎదురు చెప్పలేని మనిషి పేరున రాశారు. యాభై ఏళ్ళు ఆ ఖాతా మూయలేదు.

తేలిక కారణం పట్టుకుని వేలాడటం బ్రెజిల్ వాళ్ళకే పరిమితం అనుకోవద్దు. ఆ 1950 పోటీలకు మన భారతదేశమూ వెళ్ళవలసింది. మన వైపు జట్లు తప్పుకోవడంతో మనకు ప్రవేశం దక్కింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేల గుంపులో చోటిచ్చారు. మనం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఇవాళ్టికీ చాలామంది చెప్పేది ఒకటే: మనవాళ్ళు బూట్లు లేకుండా ఆడతారు గనుక రానివ్వలేదని. అప్పట్లో మన సమాఖ్య చెప్పిన కారణాలు వేరు. జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు, సాధనకు చాలినంత సమయం లేకపోవడం. ప్రపంచ కప్పు కంటే ఒలింపిక్సే మనవాళ్ళకు గొప్పగా తోచిన రోజులవి. ఆ జట్టు చేతకానిదేమీ కాదు. మర్నాటి ఏడాది, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో హైదరాబాదు రహీం సాహెబు శిక్షణలో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చింది. కాని పెద్దల నిర్ణయాన్ని నిలదీయడం కంటే ఉత్తకాళ్ళ మీద నెపం పెట్టడం తేలిక. ఆ కథే నిలిచింది.

దీనికి ఎదురు ఉదాహరణా మన దగ్గరే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో ఆడుతూ మనవాళ్ళు రెండు పెనాల్టీలు పోగొట్టి, చివరి నిమిషాల్లో 1-2తో ఓడారు. ఆ పెనాల్టీలు కొట్టినవాళ్ళను దేశం వేటాడలేదు. గెలుపును ముందుగా ఎవరూ జమ రాసుకోలేదు కాబట్టి, ఓటమిని ఎవరి పేరునా ఖర్చు రాయవలసిన పని పడలేదు.

2014లో ప్రపంచ కప్పు మళ్ళీ బ్రెజిల్‌కు వచ్చింది. జూలై 8న బెలొ ఒరిజోంటే నగరంలో సెమీఫైనల్లో జర్మనీ చేతిలో ఆతిథ్య జట్టు 1-7తో ఓడింది. మనకు అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆట. నిద్రచాలని కళ్ళతో మర్నాడు మా బ్రాంచిలో కుర్రవాళ్ళు పెద్ద పంచాయితీ పెట్టారు. కోచ్ స్కొలారిదని ఒకరు, దెబ్బతగిలి నెయ్‌మార్ లేకపోవడమని ఒకరు, కాపలా వరుసదని ఇంకొకరు. గోల్ కీపరు జూలియో సీజర్ పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆలోచిస్తే సబబే. ఏడు గోళ్ళ భారం ఒక మనిషి మీద మోపలేం. నగదులో వంద రూపాయలు తగ్గితే క్యాషియరు దొరుకుతాడు, వంద కోట్లు తగ్గితే కమిటీ వేస్తారు. ఒక్క గోలు తేడాతో ఓడటమే బర్బోసా దురదృష్టం.

ఆ ఏడు గోళ్ళ తర్వాత, ఇప్పటికి బర్బోసా నిర్దోషి అయ్యాడని బ్రెజిల్లో చాలామంది రాశారు. నాకది న్యాయంగా తోచలేదు. మరో పెద్ద నష్టం వచ్చింది కాబట్టి పాత బాకీ కొట్టేశామనడం లెక్క తేల్చడం కాదు. ఆ బాకీ మొదటినుంచీ అతనిది కాదని ఒప్పుకోవాలి.

గెలిచినవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. ఆ రాత్రి వరేలా సంబరాలకు పోకుండా రియో వీధుల్లో తిరిగి, మద్యం దుకాణాల్లో ఏడుస్తున్న బ్రెజిల్ వాళ్ళ పక్కన కూర్చుని తాగాడు. ఇంతమందిని ఏడిపించానే అని బాధపడ్డాడట. తప్పెవరిదని అతను ఎవరినీ అడగలేదు. గిగ్గియా చాలాకాలం బతికాడు. ఆ రోజు ఆడిన ఇరవై ఇద్దరిలో చివరివాడిగా 2015లో పోయాడు. తేదీ జూలై 16. సరిగ్గా అరవై అయిదేళ్ళు.

ఈ వాదనలు నేను చాలానే చదివాను. బర్బోసా ఎన్ని అంగుళాలు జరిగాడో, బిగోడె ఎన్ని గజాలు వెనకబడ్డాడో లెక్కలు వేసినవాళ్ళున్నారు. ఆ ఆదివారం ఉదయం, ప్రపంచ విజేతలు వీరే అని శీర్షిక పెట్టిన మనిషి పేరు మాత్రం నాకు వాటిలో ఎక్కడా కనబడలేదు.